ఏ కాలపు ఇల్లు? బేలీఫ్ రైతు నివాసంపై ఒక సంవాదం

ఇంగ్లండు ఆగ్నేయ భాగాన కెంట్, ససెక్స్, సర్రీ కౌంటీల మీదుగా పరచుకున్న వీల్డ్ అనే బంకమట్టి అడవినేలలో, పదిహేనో శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఓక్ కలపతో కట్టిన రైతు ఇల్లు బేలీఫ్. 1960 దశకం చివర చిడింగ్‌స్టోన్ సమీపంలో బౌ బీచ్ జలాశయం కట్టవలసివచ్చినప్పుడు ఆ ఇంటిని దూలం దూలంగా విప్పి, సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, పశ్చిమ ససెక్స్‌లోని సింగిల్‌టన్ వద్ద అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్న వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియంలో 1970 దశకం తొలి ఏళ్లలో మళ్లీ నిలబెట్టారు. అయితే నిలబెట్టినవారు దానిని విప్పేనాటికి ఉన్న రూపంలో నిలబెట్టలేదు. తరువాతి తరాలవారు కట్టిన ఇటుక పొగగొట్టాన్నీ, ఎత్తయిన హాలుకు నడుమ వేసిన మిద్దెనూ పరిహరించి, కిటికీలకు అద్దాలు లేని, నేల నడుమ మంట మండే 1540 ప్రాంతపు ఇంటిగా దాన్ని చూపదలచుకున్నారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నదే ఈ సంవాదానికి విషయం. వాదించుకొనే ఇద్దరిలో ఒకరు కలప చట్రాల నిర్మాణాన్ని అధ్యయనం చేసిన ఇంజినీరు, రెండవవారు గ్రామీణ సమాజ చరిత్రను బోధించే ప్రొఫెసరు.

ఇల్లు ఏ కాలానిదో తేల్చే ముందు అది దేని మీద నిలబడి ఉందో తెలియాలని ఇంజినీరు మొదలుపెట్టారు. ఇటుక ఇంటిలో గోడే పైకప్పును మోస్తుందనీ, బేలీఫ్ వంటి ఇంటిలో గోడ దేనినీ మోయదనీ, బరువంతా స్తంభాలూ దూలాలూ వంపుకొయ్యలూ కలిసిన చట్రానిదేననీ ఆయన వివరించారు. స్తంభాల నడుమ ఖాళీలలో ఓక్ పుల్లలు నిలిపి, వాటి చుట్టూ సన్నని కొమ్మలను తడికలా అల్లి, బంకమట్టి, తరిగిన గడ్డి, పేడ కలిపి తొక్కిన ముద్దను రెండు వైపులా మెత్తి, పైన సున్నం పూస్తారు గనుక, ఆ మెత్తుడు మొత్తం రాలిపోయినా ఇల్లు కదలదు. స్తంభాలను నేలలో పాతే పాత పద్ధతిలో మొదళ్లు తడికి పుచ్చిపోయి కొద్ది తరాలకే ఇల్లు కూలేది. దానికి బదులు నేలపై పొట్టి రాతిగోడ పేర్చి, దాని మీద అడుగుదూలం పరిచి, స్తంభాలను అందులో నాటడం వల్లనే ఇలాంటి ఇళ్లు ఆరువందల ఏళ్లు నిలిచాయని ఆయన అన్నారు.

ఆయన అంతటితో ఆగక అతుకుల సంగతికి వచ్చారు. ఆ వడ్రంగులు ఎండిన కలపను వాడలేదు. ఎండిన ఓక్ ఉలికి లొంగనంత గట్టిపడుతుంది కాబట్టి, నరికిన చెట్టును ఆ ఏడాదో మరుసటి ఏడాదో, పచ్చిగా ఉండగానే బాడిసతో చదును చేసి చట్రంలోకి ఎక్కించేవారు. నులకమంచం పట్టె కొస కోడులోకి దిగినట్టే దూలం కొసను పలచగా చెక్కిన కుసి స్తంభానికి తొలిచిన బెజ్జంలోకి దిగుతుంది. దాన్ని పట్టి ఉంచేది ఇనుప మేకు కాదు, ఎండిన ఓక్ ముక్కను చీల్చి కొస సన్నగా చెక్కిన చీల. ఇక్కడే ఆ పనితనపు సూక్ష్మం ఉంది. చీల కోసం బెజ్జం పక్కల తొలిచే రంధ్రమూ, కుసికి తొలిచే రంధ్రమూ ఒకే వరుసలో ఉండవు. కుసి రంధ్రాన్ని కావాలనే కొద్దిగా దూలం వైపుకు జరిపి తొలుస్తారు. చీలను కొట్టి దించేకొద్దీ అది వంగుతూ కుసిని లోపలికి లాక్కొని అతుకును బిగిస్తుంది. పచ్చి కలప ఎండుతూ అడ్డంగా కుంచించుకుపోయినప్పుడు బెజ్జం చీలను మరింత గట్టిగా కరుస్తుంది. నిలువునా మాత్రం ఓక్ దాదాపు కుంచించుకోదు గనుక ఇంటి పొడవు వెడల్పులు మారవు. ఇప్పుడు ఈ ఇళ్లలో కనిపించే వంకరలూ ఒరుగులూ చాలావరకు ఆ ఎండుదల తెచ్చినవే గాని వడ్రంగి చేతకానితనం తెచ్చినవి కావు.

"ఈ వివరమంతా ఎందుకంటే ప్రొఫెసర్ గారూ, ఈ చట్రం పుట్టుకలోనే ప్రయాణం ఉంది" అన్నారు ఇంజినీరు. వడ్రంగి తన పని ఆవరణలో దూలాలను నేల మీద పరిచి, ఒక్కొక్క అతుకును దాని జోడీకి సరిపోయేలా విడివిడిగా కొలిచి చెక్కేవాడు. ఏ రెండు దూలాలూ ఒకే తీరున ఉండవు కాబట్టి ఒకదాని కుసి మరో బెజ్జంలో సరిగా కూర్చోదు. అందుకే ప్రతి జోడీ మీద ఉలితో రోమన్ అంకెలను గీసేవారు, నిలువు, ఏటవాలు గీతలతోనే ఆ అంకెలు తయారవుతాయి గనుక. నాలుగుకు ఐదులోంచి ఒకటి తీసే పద్ధతి కాక నాలుగు గీతలే గీసేవారు, ఎటునుంచి చూసినా పొరపాటు పడకుండా. ఆపైన చట్రాన్ని విప్పి, బండ్ల మీద ఇల్లు లేచే చోటికి చేర్చి, అంకెల ప్రకారం మళ్లీ కూర్చేవారు. విప్పి తరలించి మళ్లీ కట్టడం ఆ ఇంటి తొలిరోజునే జరిగిందనీ, సింగిల్‌టన్‌లో జరిగింది దానికి రెండో ఆవృత్తి మాత్రమేననీ ఆయన వాదన.

ప్రొఫెసరు దీన్ని వెంటనే కొట్టిపారేయలేదు. అంకెలు గీసిన నాటి చట్రం ఎవరూ కాపురముండని చట్రమని మాత్రం ఆమె గుర్తుచేశారు. అది కట్టిన చోట నిలబడ్డాకే ఇల్లయింది. ఆ చోటు కూడా ఏదో ఒక చోటు కాదు. 1348-49లో వచ్చిన మహామారి తరువాత జనాభా తగ్గి, బతికినవారికి భూమి, కూలి, రెండూ పెరిగిన కాలం అది. పైగా కెంట్‌లో తండ్రి భూమి పెద్దకొడుక్కే పోకుండా కొడుకులందరికీ సమంగా పంచే గేవల్‌కైండ్ అనే వారసత్వ ఆచారం ఉండేది. పుట్టుకతో వెట్టికి కట్టుబడిన రైతులు తమ కౌంటీలో లేరని కెంట్ ప్రజలు చెప్పుకొనేవారు. ప్రభువు కాని మనిషి, తన సొంత భూమి దున్నుకునే మనిషి, పల్లెలో ఇంత పెద్ద ఇల్లు కట్టుకోగలగడం ఆ నేల చరిత్ర. కెంట్‌లో మధ్యయుగపు ఇళ్లు అసాధారణమైన సంఖ్యలో మిగలడానికి కారణం అదేనని ఆమె అన్నారు. బంకమట్టి వీల్డ్ నుంచి సుద్దరాతి కొండల అంచున ఉన్న సింగిల్‌టన్‌కు వచ్చిన బేలీఫ్‌కు ఆ పొలాలు లేవు, ఆ పొరుగు లేదు. 1964లో వెనిస్‌లో కుదిరిన చారిత్రక కట్టడాల సంరక్షణ నియమావళి ఏడవ అధికరణం కూడా ఇదే చెబుతుంది. కట్టడం తాను సాక్షిగా నిలిచిన చరిత్ర నుంచీ, తాను నిలిచిన చోటు నుంచీ విడదీయరానిదని చెప్పి, రక్షణకు మరో దారి లేనప్పుడో, జాతీయంగానో అంతర్జాతీయంగానో అత్యంత ముఖ్యమైన ప్రయోజనం ఉన్నప్పుడో తప్ప తరలింపును అనుమతించదు.

"మరో దారి లేదు కదా ప్రొఫెసర్ గారూ. నీళ్లు వస్తున్నాయి" అన్నారు ఇంజినీరు. జలాశయం కోసం కట్టడాన్ని తరలించవలసిన స్థితి తెలుగునేలకు కొత్త కాదనీ, నాగార్జునసాగర్ నీటి అడుగుకు పోనున్న నాగార్జునకొండ లోయను 1954 నుంచి తవ్వి, అక్కడి కట్టడాలు కొన్నింటిని కొండ మీదా మరికొన్నింటిని అనుపు ఒడ్డునా తిరిగి కూర్చారనీ, శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా అలంపురానికి తెచ్చారనీ ఆయన అన్నారు. కృష్ణా తుంగభద్రల సంగమం వద్ద కాక మరెక్కడున్నా అది సంగమేశ్వరం ఎలా అవుతుందని అడగవచ్చుననీ, అయితే నీట మునిగిన గుడి కంటే అలంపురంలో నిలిచిన గుడి మేలనడానికి పెద్ద వాదం అవసరం లేదనీ ఆయన అభిప్రాయం. ప్రొఫెసరు దీన్ని ఒప్పుకున్నారు. తరలింపుతో తనకు తగవు లేదనీ, తరలించే అవకాశాన్ని అదనుగా తీసుకొని ఇంటి వయసులోంచి నాలుగువందల ఏళ్లను తీసివేయడంతోనే తగవనీ చెప్పి, ఆమె చర్చను అసలు చోటికి తెచ్చారు. ఈ విడదీత అవసరమైనది, ఎందుకంటే తరలింపు, పునరుద్ధరణ అన్న రెండు వేర్వేరు పనులను ఒకే మాటతో సమర్థించడం ఈ రంగంలో తరచుగా జరుగుతుంది.

ఇంజినీరు సమాధానంగా ఇంటి లోపలికి తీసుకువెళ్లారు. ఒకే పైకప్పు కింద వరుసగా నాలుగు అంకణాలున్న ఇల్లు ఇది. నడిమి రెండు అంకణాలు కలిసి నేల నుంచి వాసాల దాకా ఏ అడ్డూ లేని హాలు. ఒక కొసన కింద ధాన్యం, రొట్టె దాచే గదీ, పానీయాలు దాచే గదీ పక్కపక్కన, వాటి మీద మిద్దెగది. మరో కొసన యజమాని కుటుంబానికి కింద ఒక గది, పైన సోలార్ అని పిలిచే పడకగది. రెండు కొసల మిద్దెలూ ముందువైపు కింది గోడ కంటే ముందుకు పొడుచుకు వస్తాయి. నడిమి హాలుకు మిద్దె లేదు గనుక దాని గోడ వెనక్కి ఉండిపోతుంది. అయినా చూరు మాత్రం ఒకే గీతన సాగిపోవాలి కాబట్టి, హాలు ముందు గాలిలో నిలిచిన చూరుదూలాన్ని రెండు వైపుల నుంచి లేచే వంపుకొయ్యలు మోస్తాయి. వీల్డ్ ప్రాంతంలో ఎక్కువగా కనిపించడం వల్ల ఈ నమూనాకు వీల్డెన్ ఇల్లని పేరు. ఆ వంపుకొయ్యలను వంచి చేయలేదు, అడవిలో అలాగే వంగి పెరిగిన ఓక్‌ను వెదికి తెచ్చి చెక్కారు.

స్తంభాన్ని దగ్గరగా చూడాలని ఆయన కోరారు. చెట్టుకు మొదలు లావు, కొస సన్నం. ఈ స్తంభాలు మాత్రం పైన లావుగా, కింద సన్నగా ఉంటాయి, ఎందుకంటే మానును తలకిందులు చేసి, వేరుకు దగ్గరి లావు భాగం పైకి వచ్చేలా నిలిపారు. ఆ లావు తలలో రెండు మెట్లుగా చెక్కిన చోట ఒక మెట్టు మీద గోడ పొడవునా సాగే చూరుదూలమూ, రెండో మెట్టు మీద గది అడ్డంగా సాగే కట్టుదూలమూ వచ్చి కూర్చుంటాయి. కట్టుదూలం అడుగున పావురం తోక ఆకారంలో చెక్కిన గాడి చూరుదూలాన్ని కరచి పట్టుకుంటుంది. పైకప్పు వాసాలు సహజంగానే గోడలను బయటికి తోస్తాయి. ఆ తోపును ఆపేది ఈ ఒక్క ముడే. స్తంభం, చూరుదూలం, కట్టుదూలం, వాసం నాలుగూ ఒకదాన్నొకటి విడిచిపోకుండా ఇలా ఒక చోట కలపడం ఇంగ్లీషు వడ్రంగుల సొంత ఆలోచన అనీ, గోడలను పలచగా మట్టితో మెత్తి ఊరుకోగల ధైర్యం వారికి ఈ ముడి వల్లనే వచ్చిందనీ ఆయన ఉత్సాహంగా చెప్పారు.

హాలు నడుమ నేల మీద మంట, పైన కప్పు సందుల నుంచీ కొసల్లోని చిన్న కంతల నుంచీ మెల్లగా బయటికి పోయే పొగ, ఎత్తయిన కిటికీలకు అద్దాలకు బదులు కోణం ముందుకు తిప్పి నిలిపిన ఓక్ కడ్డీలు, చలికి మూసే తలుపురెక్కలు, ఇవన్నీ కలిస్తేనే ఆ నిర్మాణానికి అర్థముందని ఇంజినీరు ముగించారు. మసి ఆ ఇళ్ల వాసాల మీద నల్లగా అంటుకొని ఉంటుంది. హాలుకు నడుమ మిద్దె వేస్తే, ఆ ఎత్తు కోసమే పుట్టిన కట్టుదూలం ఎవరికీ కనిపించని అటకలోకి పోతుంది. వడ్రంగి ఆలోచనను చూపించాలంటే దాన్ని కప్పేసినదాన్ని తీయక తప్పదు.

"వడ్రంగి ఆలోచన ఒక్కరోజుది, ఇల్లాలి ఆలోచన అయిదువందల ఏళ్లది" అని ప్రొఫెసరు ఘాటుగానే అన్నారు. పొగగొట్టం ఆమెకు అడ్డు కాదు, ఆ ఇంటి జీవితంలో జరిగిన అతి పెద్ద సంఘటన. ఎసెక్స్‌లోని రాడ్‌వింటర్ గ్రామ మతాచార్యుడు విలియం హారిసన్ 1577లో అచ్చయిన తన ఇంగ్లండు వర్ణనలో, ఊరి వృద్ధులు తమ కాలంలో చూసిన మార్పుల్లో మొదటిదిగా పొగగొట్టాలు పెరగడాన్నే చెప్పారని నమోదు చేశాడు. మంట గోడ పక్కకు, ఇటుక గూటిలోకి పోయిన తరువాతే హాలు మీద మిద్దె వేయడం సాధ్యమైంది. మిద్దె వచ్చాకే పడకగదులు పెరిగాయి, పనివారూ యజమానులూ ఒకే మంట చుట్టూ కూర్చోవడం తగ్గింది, మెట్లు వచ్చాయి, కళ్లు మండే పొగ పోయింది. చరిత్రకారుడు డబ్ల్యు. జి. హోస్కిన్స్ 1953లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో 1570 నుంచి 1640 దాకా సాగిన ఈ మార్పును గ్రామీణ ఇంగ్లండు పునర్నిర్మాణంగా గుర్తించాడు. ఆ కాలపరిమితి దేశమంతటికీ ఒకేలా వర్తించదని 1977లో మరో చరిత్రకారుడు ఆర్. మేచిన్ ఆక్షేపించినా, మార్పు జరిగిందన్న విషయాన్ని ఎవరూ కాదనలేదు. "బేలీఫ్ తెరిచిన హాలుతో ఉన్న కాలం కంటే పొగగొట్టంతో ఉన్న కాలమే ఎక్కువ. ఏ ప్రమాణంతో మొదటి కాలం నిజమూ రెండో కాలం కల్తీ అవుతుంది, ఇంజినీరు గారూ?" అని ఆమె నిలదీశారు.

ఆ ప్రశ్న వెనుక ఇంగ్లండులోనే పుట్టిన సుదీర్ఘ సంప్రదాయం ఉందని ఆమె చెప్పారు. చర్చిలను మధ్యయుగపు రూపానికి తెస్తున్నామంటూ తరువాతి శతాబ్దాల పనినంతా గీకిపారేసిన విక్టోరియా కాలపు వాస్తుశిల్పులకు ఎదురుగా విలియం మోరిస్ 1877లో ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించాడు. కట్టడానికి మరమ్మతు చేయాలే గాని దాని వయసును వెనక్కి తిప్పకూడదన్నది ఆ సంఘపు సిద్ధాంతం. ఆ సంఘం తోడ్పాటుతో తూర్పు ససెక్స్‌లోని ఆల్‌ఫ్రిస్టన్‌లో శిథిలమవుతున్న పద్నాలుగో శతాబ్దపు మతాచార్య గృహాన్ని, అది కూడా వీల్డెన్ ఇల్లే, నేషనల్ ట్రస్టు 1896లో పది పౌన్లకు కొన్నది. ఆ ట్రస్టు కొన్న మొట్టమొదటి కట్టడం అదే. వెనిస్ నియమావళి పదకొండో అధికరణం కూడా కట్టడానికి అన్ని కాలాలూ చేర్చిన విలువైన భాగాలను గౌరవించాలంటుంది. బేలీఫ్‌ను నిలబెట్టినవారు ఏడవ అధికరణాన్ని పాటించి పదకొండో దాన్ని విస్మరించారన్నది ఆమె అభియోగం.

ఇంజినీరు ఈ అభియోగాన్ని తేలికగా తీసుకోలేదు. అన్ని కాలాలనూ గౌరవించమన్న అధికరణమే, తీసివేసేది తక్కువ విలువదీ బయటపడేది గొప్ప చారిత్రక విలువ కలదీ అయినప్పుడు తీసివేతకు అవకాశమిస్తుందని ఆయన చెప్పారు. పైగా బేలీఫ్ ఒంటరిగా నిలిచిన ఇల్లు కాదు, 1967లో రాయ్ ఆర్మ్‌స్ట్రాంగ్ నాయకత్వాన పుట్టి 1970లో ప్రజలకు తెరుచుకున్న మ్యూజియంలో ఒక భాగం. అదే ఆవరణలో, మిడ్‌హర్స్ట్ సమీపం నుంచి వచ్చిన, 1609 నాటి పెండీన్ రైతు ఇల్లు ఉంది. అది పుట్టుకతోనే నడుమ పొగగొట్టంతో, పూర్తి మిద్దెతో కట్టిన ఇల్లు. తెరిచిన హాలు నుంచి పొగగొట్టానికి జరిగిన ప్రయాణాన్ని చూడదలచినవారు బేలీఫ్ నుంచి పెండీన్‌కు నడిచి వెళ్తే చాలు. ప్రతి ఇల్లూ అన్ని కాలాలనూ మోయనవసరం లేదు, కొన్ని ఇళ్లు కలిసి మోసినా సరిపోతుందని ఆయన వాదించారు.

దీనికి ప్రొఫెసరు ఇచ్చిన సమాధానమే ఈ సంవాదంలో అన్నిటికంటే బలమైనదని చెప్పాలి. పెండీన్‌లో కాపురం పెట్టినవాడు పొగ లేని ఇంట్లోనే కాపురం మొదలుపెట్టాడు. బేలీఫ్‌లో పొగగొట్టం కట్టించినవాడు తన తాతల మసిపట్టిన దూలాల కింద ఇటుక పేర్పించాడు. కొత్త ఇల్లు కట్టుకోవడమూ, ఉన్న ఇంటిని కోసి మార్చుకోవడమూ వేర్వేరు నిర్ణయాలు. ఖర్చు, వారసత్వం, పాతదాని మీద మమకారం, మార్పు మీద ఆశ, ఇవన్నీ కలిసే చోటు ఆ రెండోదే. రెండు ఇళ్లను పక్కపక్కన నిలిపితే రెండు స్థితులు కనిపిస్తాయి గాని ఒక కుటుంబం ఒక స్థితి నుంచి మరోదానికి మారిన క్షణం కనిపించదు. దానికి సాక్ష్యం బేలీఫ్‌లో ఉండేది, ఇప్పుడు లేదు.

ఇంజినీరు కాసేపు ఆలోచించి, ఏది తొలిరూపమన్న ప్రశ్న తాము అనుకున్నంత సులువైనది కాదని ఒప్పుకుంటూ, వాదానికి కొత్త మలుపునిచ్చే సంగతి తనే బయటపెట్టారు. చెట్టు ఏడాదికొక వలయం వేస్తుంది. వాన మంచిగా ఉన్న ఏడు వలయం వెడల్పు, కరువు ఏడు సన్నం. ఒకే ప్రాంతపు చెట్లలో ఈ వెడల్పు సన్నాల వరుస కలుస్తుంది గనుక, దూలంలోని వలయాలను కొలిచి, తెలిసిన వరుసతో పోల్చి, చెట్టును నరికిన కాలాన్ని నిర్ణయించవచ్చు. బెరడు కింది లేత కలప కొంత పోయినా, ఓక్‌లో ఆ లేత వలయాల సంఖ్య సుమారుగా తెలుసు కాబట్టి కొన్నేళ్ల వ్యవధిలో తేదీ తేలుతుంది. ఈ పద్ధతిలో బేలీఫ్‌ను పరీక్షిస్తే హాలూ, సరుకుల గదుల అంకణమూ 1405-1430 మధ్య కట్టినవనీ, యజమాని కుటుంబపు పైకొస అంకణం మాత్రం 1505-1510 ప్రాంతానిదనీ తేలింది. ఒకే చేత ఒకేసారి కట్టిన సంపూర్ణ నమూనాలా కనిపించే ఆ ముఖభాగం రెండు కాలాల పని. దాదాపు ఎనభై నుంచి నూరేళ్ల తరువాత వచ్చిన వడ్రంగి పాత చూరు గీతను, పాత మిద్దె పొడుచుకు వచ్చిన తీరును కలుపుకుంటూ కొత్త అంకణాన్ని జతచేశాడు.

ప్రొఫెసరుకు ఇది అందివచ్చిన ఆధారం. "అయితే మీరు చూపించే సంపూర్ణమైన వీల్డెన్ ఇల్లు కూడా ఒక చేర్పు వల్ల సంపూర్ణమైనదే! 1505 నాటి చేర్పును ఉంచి, ఆ తరువాతి శతాబ్దాల చేర్పును తీసేయడానికి గీత ఎక్కడ గీశారు?" అని ఆమె అడిగారు. 1540 అన్న సంవత్సరం ఇంట్లోంచి వచ్చింది కాదనీ, చూపించేవారు ఎంచుకున్నదనీ ఆమె అన్నారు. అదే జలాశయం కారణంగా అదే ప్రాంతం నుంచి 1969లో వచ్చిన వింక్‌హర్స్ట్ అనే చిన్న కట్టడాన్ని ఆమె దీనికి తోడుగా చూపారు. మొదట దాన్ని చిన్న రైతు హాలు ఇల్లనుకొని అలాగే నిలబెట్టారు. తరువాత ఆధారాలను మళ్లీ పరిశీలించి, అది విడి ఇల్లు కాక ఒక పెద్ద ఇంటికి చెందిన వంటశాల అయి ఉంటుందని భావించి, 2000 దశకం తొలి ఏళ్లలో మళ్లీ విప్పి, మరో చోట వంటశాలగా కట్టారు. తెలిసినదే అంతిమమనుకొని మిగతాది తీసేసేవారికి వింక్‌హర్స్ట్ హెచ్చరికగా ఉండాలన్నారు ఆమె.

వింక్‌హర్స్ట్ తన పక్షానే నిలుస్తుందని ఇంజినీరు బదులిచ్చారు. చీలలు ఊడగొడితే విడిపోయే చట్రం కనుకనే అభిప్రాయం మారినప్పుడు కట్టడమూ మారగలిగింది. సిమెంటు పోసి బిగించి ఉంటే పొరపాటు అలాగే ఉండిపోయేది. సరిదిద్దుకోవడానికి వీలున్న పునరుద్ధరణను మోరిస్ ఎదిరించిన గీకుడు పనితో సమానం చేయకూడదని ఆయన పట్టుబట్టారు. కలప విషయంలో ఈ మాట నిజమే. ప్రొఫెసరు కూడా కాదనలేదు, అయితే ఇటుక పొగగొట్టం విషయంలో అది చెల్లదన్నారు. ఓక్ దూలానికి అంకె గీసి భద్రపరచవచ్చు, సున్నపు గచ్చుతో పేర్చిన పొయ్యిగూడును విప్పితే మిగిలేది ఇటుకల కుప్పే. దాని లోపలి గచ్చు పూతలు, తరతరాలు మార్చిన పొయ్యి వెడల్పు, రొట్టె కాల్చే గూడు పెట్టిన చోటు, ఇవేవీ కుప్పలో ఉండవు. విప్పడానికి వీలైన భాగాన్ని ఉంచి, విప్పితే తిరిగిరాని భాగాన్ని తీసేయడం తలకిందుల న్యాయమని ఆమె అన్నప్పుడు ఇంజినీరు దగ్గర సూటి జవాబు లేకపోయింది.

ఇద్దరూ ఏకీభవించిన విషయాలూ ఉన్నాయి. కలప ఇళ్లంటే తారు పూసిన నల్లని దూలాలు, తెల్లని గోడలు అని పోస్టుకార్డులు నేర్పిన బొమ్మ ఆగ్నేయ ఇంగ్లండు వరకు చాలామట్టుకు విక్టోరియా కాలపు ముచ్చట. అక్కడి ఓక్ పూత లేకుండానే ఎండకూ వానకూ వెండి బూడిదరంగుకు తిరుగుతుంది, లేదా గోడతో పాటు సున్నమే పూసుకుంటుంది. ఖాళీ బెజ్జాలున్న దూలాలు పాత ఓడల నుంచి వచ్చినవన్న కథ ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. నిజానికి అవి చాలావరకు పాత ఇళ్ల నుంచీ కొట్టాల నుంచీ తెచ్చి మళ్లీ వాడినవి. ఈ ఇళ్లు అడవులను మింగేశాయన్న అపోహకు అడవుల చరిత్రకారుడు ఒలివర్ రాక్‌హామ్ పరిశోధన సమాధానం చెప్పింది. సఫక్‌లోని ఒక రైతు ఇంటికి సుమారు 330 ఓక్ మానులు పట్టాయని ఆయన లెక్కగట్టాడు. వాటిలో చాలావరకు మహావృక్షాలు కావు, సన్నని లేత మానులు. కింద పొదలను కొన్నేళ్లకోసారి మొదలంటా నరికి, మోడు నుంచి చిగుళ్లు మళ్లీ పెంచుతూ, నడుమ నడుమ కొన్ని ఓక్‌లను కలపకు వదిలే పద్ధతిలో నడిచిన అడవులు ఆ వాడకాన్ని సులువుగా పూడ్చుకునేవి. అడవిని నాశనం చేసింది గొడ్డలి కాదు, నరికిన చోట మళ్లీ చెట్టు పెరగనివ్వని నాగలి అన్నది రాక్‌హామ్ జీవితమంతా చెప్పిన విషయం. దాన్ని ప్రొఫెసరు ఎంత ఇష్టంగా ఒప్పుకున్నారో ఇంజినీరూ అంతే ఇష్టంగా ఒప్పుకున్నారు.

చివరికి ఇద్దరూ, ఇలాంటి మరో ఇంటిని విప్పవలసి వస్తే ఏమి చేయాలన్న ఆచరణ ప్రశ్నకు వచ్చారు. తీసివేసే ప్రతి భాగపు కొలతల చిత్రమూ తేదీతో సహా హాలులోనే, చూడవచ్చినవారికి కనిపించే చోట ఉండాలన్న ప్రొఫెసరు షరతును ఇంజినీరు మారుమాట లేకుండా అంగీకరించారు. పుచ్చిన స్తంభపు మొదలును కోసి కొత్త ఓక్‌ను అతికేటప్పుడు పాతదానిలా కనిపించేలా రంగు పులమకుండా, దాని మీద అతికిన సంవత్సరాన్ని చెక్కాలని ఆయన తన వైపు నుంచి మరొకటి చేర్చారు. ఆనాటి వడ్రంగి అంకెలు గీసినట్టే ఈనాటి వడ్రంగి సంవత్సరం గీయాలన్నారు. దానికి ఆమె సంతోషించారు.

పొగగొట్టం దగ్గర మాత్రం దారులు కలవలేదు. పొగగొట్టాన్నీ మిద్దెనూ ఉంచి, చూడవచ్చినవారిని నిచ్చెన మీదుగా అటక ఎక్కనిస్తే, హాలు నేల నుంచి తలెత్తినా సరిగా కనిపించని మసిని చెయ్యి చాపితే అందేంత దగ్గరగా చూడగలరనీ, మధ్యయుగమూ దాని తరువాతి కాలమూ రెండూ ఒకే మెట్ల దారిలో దొరుకుతాయనీ ప్రొఫెసరు వాదించారు. అటకలో వంగి నడిచేవారికి మసి రంగు తెలుస్తుంది గాని, నేల మీది మంట నుంచి ఆ వాసాల దాకా పొగ లేచిన ఎత్తు తెలియదనీ, ఆ ఎత్తే ఆ ఇంటి నిర్మాణానికి మూలమనీ, కట్టుదూలాన్నీ దాన్ని మోసే వంపుకొయ్యలనూ కింద నిలబడి ఒకే చూపులో చూడలేని ఇల్లు వడ్రంగికి అన్యాయం చేస్తుందనీ ఇంజినీరు తన మాట మీదే నిలిచారు.